వొంగి రా నాయనా

కార్తీకమాసం, ఆదివారం, తెల్లవారి ఆరున్నర. నెల్లూరులో మైపాడు గేటు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నారు మీరు. మీ ఎత్తు ఆరడుగుల అయిదంగుళాలు, అంటే 196 సెంటీమీటర్లు. నిన్నటిదాకా మీరెంత ఎత్తున్నా సరే, ఈ ఒక్కరోజుకు మీ కొలత ఇదే. మైపాడులో మేనత్త కొత్తిల్లు కట్టుకుంది, ఈరోజు గృహప్రవేశం. పోవాలి, పాలు పొంగించడం చూడాలి, భోంచెయ్యాలి, సాయంత్రం సముద్రంలో మునకెయ్యాలి, రాత్రికి మళ్ళీ నెల్లూరొచ్చి హైదరాబాదు రైలెక్కాలి. ఇందులో కష్టమేముందంటారా? పదండి.

సన్నగా వాన మొదలైంది. నెల్లూరు సీమకు అసలైన వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు డిసెంబరు నడుమే వస్తాయి. ఈ రోజుల్లో గొడుగు లేకుండా ఇక్కడ ఎవరూ గడప దాటరు. మీ ముందు ఇద్దరు ఆడవాళ్ళు గొడుగులు విప్పారు. గొడుగు అంచు వాళ్ళకు తల పక్కన ఉంటుంది, మీకు గొంతు పక్కన. వాళ్ళు మాటల్లో పడి ఇటు తిరిగినప్పుడల్లా ఊచ మొన మీ మెడను రాసుకుంటూ పోతోంది. ఒకడుగు వెనక్కి వేశారు. అక్కడ ఇంకో గొడుగు. తడిసినా ఫరవాలేదని టీకొట్టు వైపు జరిగారు. కొట్టు ముందు దించిన రేకు అంచు సరిగ్గా మీ కనుబొమల ఎత్తున ఉంది.

టీ గ్లాసు అందిస్తూ కొట్టాయన తలెత్తి చూశాడు.

"అన్నా, ఎత్తెంత?"

చెప్పారు.

"ఇంట్లో అందరూ ఇంతేనా?"

కాదన్నారు.

"వాలీబాల్ ఆడతావా?"

మూడు ప్రశ్నలు, ఎప్పుడూ ఇదే వరస. కొత్తమనిషిని జీతమెంతని అడగాలంటే మనవాళ్ళు కనీసం ఒక టీ పూర్తయ్యేదాకా ఆగుతారు. ఎత్తెంతని అడగడానికి అదీ ఆగరు. అడిగేవాళ్ళలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండదు. కాకపోతే వాళ్ళు మొదటిసారి అడుగుతుంటారు, మీరు పదిహేనేళ్ళ వయసు నుంచీ జవాబు చెబుతూనే ఉన్నారు.

బస్సొచ్చింది. మెట్టు మీద ఉండగానే కండక్టరు, "అన్నా, తలకాయ చూసుకో" అన్నాడు. చూసుకున్నారు. కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉంది, కూర్చోబోయారు. మోకాళ్ళు ముందు సీటు వెనక రేకుకు ఆనుకున్నాయి. తొడ ఎముక పొడవు ఎక్కువ, రెండు సీట్ల మధ్య జాగా తక్కువ. నేరుగా కూర్చోవడం కుదరదు కాబట్టి పక్కకు తిరిగి ఒక కాలు నడవాలోకి చాపారు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు ఆ కాలిని దాటుకుంటూ మీ మొహంలోకి చూసి పోతున్నారు. పొడుగువాడు కాలు చాపితే ఇరుకని ఎవరికీ తోచదు, పొగరనే తోస్తుంది. ఇందుకూరుపేట దగ్గర ఒక పెద్దావిడ బుట్టతో ఎక్కింది. లేచి సీటిచ్చారు.

నిలబడ్డాక తెలిసింది కూర్చున్నదే నయమని. పట్టుకునే రాడ్డు మీ నుదుటికి తగులుతోంది. బస్సు టాపుకు, మీ నడినెత్తికి మధ్య చెయ్యి దూరే సందు లేదు. గుంత వచ్చిన ప్రతిసారీ అందరి ఒళ్ళూ ఎగిరిపడుతుంది, మీ తల ఒక్కటే పైన తగిలి ఆగుతుంది. మెడ ఒక పక్కకు వాల్చి నిలబడ్డారు. ఇంకో సంగతి చూడండి: మీ కళ్ళు కిటికీ పైఅంచుకంటే ఎత్తున ఉన్నాయి. బయట నారుమళ్ళు, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు, బకింగ్‌హాం కాలువ, కూర్చున్నవాళ్ళందరూ చూస్తున్నారు. మీకు మాత్రం రోడ్డు వార తారు, దాని పక్క గడ్డి కనిపిస్తున్నాయి. ఊరొచ్చిందో లేదో తెలియాలంటే నడుం వంచి చూడాలి.

ఈ బస్సు కట్టినవాడికి మీ మీద కోపమేమీ లేదు. అతని లెక్కలో మీరు లేరు, అంతే. 2016లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనం 1996లో పుట్టినవాళ్ళ ఎత్తులను 200 దేశాల్లో పోల్చింది. అందులో మన దేశపు మగవాడి సగటు ఎత్తు సుమారు 165 సెంటీమీటర్లు. మీరు అంతకంటే ఒక అడుగు పైన ఉన్నారు. కుర్చీ, సీటు, గట్టు, రాడ్డు, ఏది తయారుచేసినా సగటు మనిషిని నడిమధ్య పెట్టుకుని, అటు బాగా పొట్టివాళ్ళను, ఇటు బాగా పొడుగువాళ్ళను చెరికొందరిని వదిలేసి కొలతలు గీస్తారు. వ్యాపారానికి ఆ లెక్క సరిపోతుంది. వదిలేసిన ఆ కొందరూ బతుకంతా సర్దుకోవాలి.

మైపాడులో దిగారు. వాన వెలిసింది. అత్త వాళ్ళ వీధి సన్నది. ఇటు ఇంటి నుంచి అటు ఇంటికి కేబుల్ టీవీ తీగ వేలాడుతోంది. దాన్ని చేత్తో ఎత్తి దాటారు. ఆ తర్వాత బట్టల దండెం. వానొచ్చినప్పుడు బట్టలు లోపలికి తీసుకుపోయారు, ప్లాస్టిక్ తాడు మాత్రం ఉండిపోయింది. దండెం కట్టిన ఇల్లాలు తన చెయ్యి అందే ఎత్తున కట్టుకుంది. ఆమెకు అది తలపైన ఉంటుంది, మీకు కుత్తుక దగ్గర. బట్టలుంటే కనిపించేది. ఖాళీ తాడు కనిపించదు. దాని పక్కనే వలలు ఆరేసిన గుంజలు, వాటి మీంచి కట్టిన నైలాను తాళ్ళు. ఎదురుగా వస్తున్న పిలకాయలు తలొంచకుండా పరుగెత్తుకుంటూ పోయారు. మీరు అదే వీధిని కత్తిసాము చేసేవాడి మాదిరి దాటి అత్త పాత ఇంటి ముందుకు చేరారు.

తాటాకు పూరిల్లు. చూరు మీ రొమ్ము ఎత్తున ఉంది. లోపల నుంచి అత్త గొంతు:

"వొంగి రా నాయనా! ఇంకా వొంగు! ఇంకా!"

నడుము దగ్గర సగానికి వంగి, మోకాళ్ళు కూడా మడిచి లోపలికి దూరారు. ఇక్కడొక్కచోట మాత్రం మీరు సణుక్కోకూడదు. ఎందుకంటే ఈ చూరు కిందికి ఉండటానికి కారణముంది. గోడ మట్టిది. జల్లు కొడితే కరుగుతుంది కాబట్టి కప్పును గోడ మీంచి బాగా కిందికి దించుతారు. ఇల్లు ఎంత పొట్టిగా ఉంటే తుపాను గాలికి దొరికే గోడ అంత తక్కువ. ఈ తీరానికి తుపాను కొత్త కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి ఇక్కడి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. గాలికి తలొంచిన ఇంటి ముందు మనిషి తలొంచడంలో నామోషీ లేదు.

అత్త మీ మొహం చూడాలని తలెత్తింది. "తాటిచెట్టు మాదిరి పెరిగినావు గదరా అబ్బయ్యా. వొంగు, బొట్టు పెడతా." వంగారు. బొట్టు పెట్టింది, నెత్తి నిమిరింది, నిమిరిన చేత్తోనే మెడ పట్టుకుని ఇంకాస్త కిందికి లాగి, "ఆ బీరువా కొత్తింటికి చేర్చాల, నలుగురూ ఒక చెయ్యెయ్యండ్రా" అంది.

పొడుగువాడికి బంధువుల ఇళ్ళలో ఉద్యోగం ఖాయం. అటక మీది డబ్బాలు, పైగూట్లో ఇత్తడి బిందె, మాడిపోయిన బల్బు, కేలండర్ మేకు, అన్నీ అతని పద్దే. ఎవరూ నిచ్చెన కోసం వెతకరు. బరువు మొయ్యడానికి కూడా అతన్నే ముందు పిలుస్తారు, అదే చిక్కు. బీరువాను నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. ముగ్గురి చేతులు ఒక ఎత్తున ఉన్నాయి, మీవి జానెడు పైన. మీరు మామూలుగా నిలబడితే బీరువా అవతలి వాళ్ళ మీదికి వాలుతుంది. అందుకని మోకాళ్ళు సగం మడిచి, నడుం వంచి, ఆ వంగిన నడుంతోనే వీధి పొడుగునా నడిచారు. బరువు అందరిదీ ఒకటే, వెన్ను నొప్పి మీది. ఊరేగింపులో దేవుడి పల్లకి పట్టాలన్నా ఇదే గొడవ. బోయీలు ఈడూ జోడూ కుదిరిన ఎత్తున ఉండాలి. మీరు కర్ర కింద భుజం పెడితే పక్కవాడి భుజానికి కర్ర ఆనదు. చావు ఇంట పాడె పట్టబోయినా, "నువ్వు ఎనకమాల రా నాయనా" అని పక్కకు తప్పిస్తారు. పొడుగువాడికి మోసే భాగ్యం లేకపోయినా ఒక ఊరట ఉంది: తన పాడె మాత్రం తన కొలతకే కడతారు. మనిషిని చూసి కొలిచి చేసేది దర్జీ తర్వాత అదొక్కటే.

దర్జీ మాట వచ్చింది కాబట్టి మీ బట్టలు ఒకసారి చూసుకోండి. ప్యాంటు కుట్టించినదే. రెడీమేడ్ కొట్లో నడుం సరిపోయిన ప్యాంటు మడమ దాకా రాదు, పొడవు సరిపోయినది నడుం దగ్గర ఇంకొకరికి చోటిస్తుంది. కాబట్టి గుడ్డ అందరికంటే ఎక్కువ కొనాలి, కుట్టుకూలి ఇవ్వాలి, పండగ ముందు దర్జీ చుట్టూ తిరగాలి. ఇంట్లో లుంగీ కడితే అంచు పిక్కల దగ్గరే ఆగిపోతుంది. చెప్పుల కొట్లో పది దాటిన నంబరు అడిగితే కుర్రవాడు లోపలికి పోయి చాలాసేపటికి ఉత్త చేతులతో వస్తాడు. ఒక్క లాభం ఒప్పుకోవాలి: గుడి ముందు విడిచిన మీ చెప్పులు ఎక్కడికీ పోవు. ఎత్తుకుపోయినా ఎవరికీ పనికిరావు. ఇప్పుడు కూడా చూడండి, కొత్తింటి గుమ్మం ముందు చెప్పుల కుప్పలో మీ జతలో ఇద్దరు పిలకాయలు దిగి నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు.

కొత్తిల్లు శ్లాబు ఇల్లు. సింహద్వారం టేకుది, ఏడడుగుల ఎత్తు. మీరు నిటారుగా నడిచినా పైన ఏడంగుళాలు మిగులుతుంది. అయినా అత్త అలవాటుకొద్దీ, "వొంగి రా నాయనా" అంది. మీ మెడా తనంతట తనే వంగింది. ఒక్కసారి ఆగి ఆలోచించండి దీన్ని. తగిలే గుమ్మం తలకు బొప్పి కట్టిస్తుంది, అది వారంలో తగ్గుతుంది. తగలని గుమ్మం ముందు కూడా వంగడం ఒళ్ళు నేర్చుకుంటే అది తగ్గదు. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి పొడుగువాళ్ళలో చాలామందికి భుజాలు ముందుకు వాలి, వీపు పైన గుండ్రంగా తిరిగి ఉండటం చూస్తాం. గుమ్మాలు కొంత వంచితే, మనుషులు మరికొంత వంచుతారు. ఎదుటివాళ్ళ మాట వినిపించుకోవడానికి వంగాలి, ఫొటోలో తల తెగకుండా వంగాలి, పెద్దల ముందు నిలబడితే పొగరని అనుకోకుండా వంగాలి.

పాలు పొంగాయి. అందరూ అక్షింతలు వేస్తున్నారు. అత్తకు, మామకు నెత్తిన పడ్డాయి. మీరు వాళ్ళ కాళ్ళకు మొక్కి లేచేలోగా మామ వేసిన అక్షింతలు మీ చొక్కా జేబులో పడ్డాయి. "మళ్ళీ వొంగరా" అని నవ్వాడాయన. మళ్ళీ వంగారు.

హాల్లో కొత్త ఫ్యాను తిరుగుతోంది. పొడుగువాడి ఇంటివాళ్ళందరికీ తెలిసిన ప్రమాదం ఇదే. చేతులు పైకి చాపితే మీ వేళ్ళు ఎనిమిదిన్నర అడుగుల దాకా పోతాయి. తొమ్మిదిన్నర అడుగుల శ్లాబుకు వేలాడదీసిన ఫ్యాను రెక్క ఎనిమిదింటికి అటూ ఇటూ ఉంటుంది. బనీను తలమీంచి తియ్యడం, ఒళ్ళు విరుచుకోవడం, చంటిపిల్లను గాల్లోకి ఎత్తి ఆడించడం, ఈ మూడూ ఫ్యాను కింద మీకు నిషేధం. ఇప్పుడే అత్త మనవరాలు రెండు చేతులూ చాపుకుంటూ వచ్చింది. ముందు పైకి చూశారు, నాలుగడుగులు పక్కకు జరిగారు, అప్పుడు ఎత్తుకున్నారు. ఆ జరగడం ఎందుకో అక్కడ ఎవరికీ తెలియదు.

చేతులు కడుక్కోవడానికి బాత్రూంలోకి పోయారు. అద్దంలో మీ చొక్కా రెండో బొత్తాం కనిపిస్తోంది. మొహం చూసుకోవాలంటే కాళ్ళు ఎడంగా పెట్టి కిందికి దిగాలి. షవరు మీ చెవి ఎత్తున బిగించారు. వంటింట్లో గట్టు నేల నుంచి ముప్పైమూడు అంగుళాలు. అత్తకు చక్కగా సరిపోయింది, మీరు అక్కడ నాలుగు కొబ్బరికాయలు కొట్టేసరికి నడుం పట్టేసింది. ఫ్రిజ్ పైన దుమ్ము ఉన్న సంగతి ఆ ఇంట్లో మీకొక్కరికే తెలుసు. చెప్పకండి.

భోజనాలు నేల మీద బంతి. బాసింపట్టు వేసుకుంటే మీ మోకాళ్ళు అటు ఒకరి ఆకు మీద, ఇటు ఒకరి ఆకు మీద వాలుతున్నాయి. అందుకని తినడం మానుకుని వడ్డనకు దిగారు. అదింకా ఘోరం. ఆరడుగుల అయిదంగుళాల నుంచి నేల మీద ఆకు దాకా వంగి, సాంబారు గరిటె తొణకకుండా వడ్డించి, లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ వంగాలి. ఇరవై ఆకులయ్యేసరికి బకెట్టు తమ్ముడి చేతికిచ్చి గోడకు ఆనుకున్నారు. చుట్టూ కబుర్లు సాగుతున్నాయి గానీ మాటలన్నీ మీ భుజం కిందే తిరుగుతున్నాయి. ఎవరో ఏదో అన్నారు, అందరూ నవ్వారు, మీరూ నవ్వారు. ఎందుకో తెలియదు.

తర్వాత ఫొటోలు. "అన్నా, నువ్వు ఎనక్కి పో. ఇంకా ఎనక్కి. మోకాళ్ళు కొంచెం వొంచు." ఫొటోగ్రాఫరు పని అయ్యాక పిల్లలు సెల్‌ఫోను తెచ్చి మీ చేతిలోనే పెట్టారు. చెయ్యి పొడుగు కదా, సెల్ఫీలో అందరూ పడతారు. పడ్డారు. ఫోనుకు దగ్గరగా ఉన్న మీ మొహం మాత్రం సగం ఫొటోను మింగేసింది.

సాయంత్రం నాలుగు. సముద్రం. కార్తీకమాసపు ఆదివారం కాబట్టి నెల్లూరు నుంచి జనం బాగా వచ్చారు. స్నానాలు, ఇసుకలో దీపాలు, మొక్కజొన్న కంకులు, గుర్రాలు. ఇంత జనంలో మీరొక గుర్తు. "ఆ పొడుగాయన పక్కనే ఉండాం, వచ్చేయండి" అని మీకు ముక్కూ మొహం తెలియని ఒకాయన ఫోనులో చెబుతున్నాడు. ఇప్పుడు కదిలితే అతని కుటుంబం తప్పిపోతుంది. కాసేపు నిలబడ్డారు. ముహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండగకు వెళ్ళినా మీకిదే ఉద్యోగం.

నీళ్ళలోకి దిగారు. ఇక్కడ నవ్వులాట ఆపి ఒక మాట వినాలి. ఒడ్డున ఎవరో తండ్రి తన కొడుకుతో, "ఆ అన్న నిలబడిన కాడ లోతు లేదు, ఆడిదాకా పో" అంటున్నాడు. నీళ్ళు మీ నడుం దగ్గర ఉన్నాయి, నిజమే. కానీ మీ నడుమంటే పదేళ్ళ పిల్లవాడికి గొంతు. అల వెనక్కి లాగితే కాలు నిలవదు. బంగాళాఖాతం ఈ కాలంలో నమ్మదగ్గది కాదు, మైపాడులో అలలు మనుషుల్ని లాగేసిన సందర్భాలు ఊళ్ళో అందరికీ తెలుసు. పొడుగువాడు నీళ్ళలో లోతుకు తప్పుడు కొలబద్ద. మీరు చెయ్యాల్సిన పని ఒకటే: వెనక్కి వచ్చి పిల్లల పక్కన మోకాలి లోతులో నిలబడాలి. నిలబడ్డారు. మునక వేయాలంటే అక్కడ పడుకోవాల్సి వచ్చింది.

ఒడ్డున పట్టపుపాలెం కుర్రాళ్ళు రెండు గుంజలు పాతి వల కట్టి వాలీబాల్ ఆడుతున్నారు. మిమ్మల్ని చూడగానే కేక: "అన్నా, మా వైపు! నెట్టు కాడ నిలబడితే చాలు!" మగవాళ్ళ వాలీబాల్ నెట్ ఎత్తు 2.43 మీటర్లు. చేతులు ఎత్తితే మీ వేళ్ళు దాన్ని దాటి పైకి పోతాయి. రోజంతట్లో మీ కొలతకు గౌరవం దక్కిన చోటు ఇదొక్కటే. అయితే ఎత్తు వేరు, ఆట వేరు. 1986 సోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత వాలీబాల్ జట్టులో ఆడిన మన పి.వి. రమణ, బ్యాడ్మింటన్ సింధు తండ్రి, పొడుగరే. ఆ పతకం పొడుగు తెచ్చింది కాదు, ఏళ్ళ తరబడి చేసిన సాధన తెచ్చింది. మీరు జీవితంలో వాలీబాల్ ఆడలేదు. బంతి మీ చేతుల మధ్య నుంచి జారి నెత్తిన పడింది. కుర్రాళ్ళు నిరాశగా చూశారు. పొట్టివాడు బంతి వదిలేస్తే ఆట రాదనుకుంటారు. పొడుగువాడు వదిలేస్తే ఎత్తంతా వృథా అంటారు.

ఆట అయ్యాక ఇసుకలో కూర్చుంటే ఒక కుర్రవాడు దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. అటు, తీరం వెంబడి పోతే శ్రీహరికోట. రాకెట్టు పోయిన రోజు ఇక్కడ ఊరు ఊరంతా మిద్దెలెక్కుతుంది. "మనుషుల్ని కూడా పంపుతారంట గదన్నా, నువ్వు పోరాదూ? నీకు సగం దూరం తగ్గుద్ది" అన్నాడు. అందరూ నవ్వారు. నిజానికి అక్కడ కూడా మీకు చోటు కష్టమే. రష్యా వాళ్ళ సోయుజ్ నౌకలో సీటుకు ఎత్తు పరిమితి ఉంది. 1995లో అమెరికా వ్యోమగామి స్కాట్ పారజిన్‌స్కీని మీర్ అంతరిక్ష కేంద్రానికి పంపే శిక్షణ నుంచి తప్పించారు. కారణం, ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. ఆ తర్వాత 2002 నుంచి ఎగిరిన కొత్తరకం సోయుజ్‌లో పరిమితిని 190 సెంటీమీటర్లకు పెంచారు. మీరు 196. మన వాయుసేన పైలట్ కావాలన్నా కూర్చున్న ఎత్తు 96 సెంటీమీటర్లు మించకూడదు, మీరు దాన్నీ దాటేస్తారు. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ కొలువుకు మాత్రం మగవాళ్ళకు కనీసం 167.6 సెంటీమీటర్లు అడుగుతారు, అక్కడ పనికొస్తారు. ఎత్తుంటే అన్ని తలుపులూ తెరుచుకుంటాయని చెప్పేవాళ్ళు ఈ లెక్కలు చూసి ఉండరు.

రాత్రి, నెల్లూరు స్టేషను. మీకొచ్చింది సైడు లోయరు బెర్తు. మామూలు స్లీపరు బెర్తే ఆరడుగులకు అటూ ఇటూ ఉంటుంది, సైడుది ఇంకా పొట్టి. పైగా రెండు చివరలా గోడలు. లోపలి బెర్తయితే పాదాలు నడవాలోకి పోతాయి, వచ్చేపోయేవాళ్ళ పెట్టెలు తగులుతాయి, అయినా కాళ్ళు చాపుకోవచ్చు. ఇక్కడ అదీ లేదు. పక్కకు తిరిగి మోకాళ్ళు మడిచి పడుకున్నారు. మోకాళ్ళు బయటికి పొడుచుకొచ్చాయి. ఎదుటి బెర్తులో అయిదడుగుల నాలుగంగుళాల పెద్దమనిషి నిండుగా దుప్పటి కప్పుకుని గురక పెడుతున్నాడు. బెర్తు మార్చుకుందామా అని అడగాలని ఉంది మీకు. నిద్రలో ఉన్నవాణ్ణి లేపలేరు.

నిద్ర పట్టదు కాబట్టి డాక్టర్లు చెప్పే సంగతులు గుర్తుకొస్తాయి. పొడుగువాళ్ళకు గుండె రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు కాస్త తక్కువ, గుండె లయ తప్పే జబ్బు ఎక్కువ. కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కూడా ఎక్కువ. అందుకే దూరప్రయాణంలో మధ్యమధ్య లేచి నడవమంటారు. ఎత్తు పది సెంటీమీటర్లు పెరిగేకొద్దీ కేన్సర్ ముప్పు సుమారు పది శాతం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒంట్లో కణాల సంఖ్య ఎక్కువ కావడం అందుకు ఒక కారణమంటారు. చరిత్రలో నమోదైన అందరికంటే పొడుగు మనిషి, అమెరికాకు చెందిన రాబర్ట్ వాడ్లో, 272 సెంటీమీటర్లు. కాళ్ళకు కట్టిన ఇనుప కట్టు ఒరుసుకుని పడిన పుండు చీము పట్టి 1940లో, ఇరవైరెండేళ్ళకే పోయాడు. ఒంటి కొలత రెట్టింపయితే బరువు ఎనిమిది రెట్లవుతుంది, దాన్ని మోసే ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది. గెలీలియో 1638లోనే చెప్పిన లెక్క ఇది. మీరు వాడ్లో కారు, భయపడాల్సిన పనిలేదు. కానీ మీ మోకాళ్ళు, వెన్ను అందరికంటే ఎక్కువ బరువు మోస్తున్నాయన్నది మాత్రం నిజం.

ఒంటి సంగతి ఎవరూ మార్చలేరు. గుమ్మం సంగతి మార్చవచ్చు. ఆ 2016 అధ్యయనంలోనే అందరికంటే పొడుగ్గా తేలినవాళ్ళు నెదర్లాండ్స్ మగవాళ్ళు, సగటు సుమారు 182.5 సెంటీమీటర్లు. వాళ్ళు 2003 నిర్మాణ నిబంధనల్లో కొత్త ఇళ్ళ తలుపుల కనీస ఎత్తును 2.1 నుంచి 2.3 మీటర్లకు పెంచారు. మనుషులు పెరిగారు కాబట్టి తలుపును పెంచారు. మన దగ్గర తలుపు అలాగే ఉంటుంది, మనిషినే వంగమంటాం. మన పిల్లలు కూడా తాతల కంటే పొడుగ్గా పెరుగుతున్న సంగతి ఏ ఇంట్లో చూసినా తెలుస్తుంది.

తెల్లవారింది, ఇక మీ ఎత్తు మీకొచ్చేసింది. ఈ ఒక్కరోజు పెట్టిన కష్టానికి బదులుగా మీ చేత కొన్ని పనులు చేయించుకోవాలనుంది. ఇల్లు కట్టిస్తుంటే బాత్రూం తలుపు, మెట్ల కింద సజ్జ కూడా సింహద్వారమంత ఎత్తున పెట్టమని మేస్త్రికి చెప్పండి. అద్దం నిలువుగా ఒక జానెడు ఎక్కువ పొడుగున్నది కొనండి. వీధికి అడ్డంగా దండెం కట్టాల్సివస్తే దానికి ఒక రంగుగుడ్డ ముడెయ్యండి. జనంలో గొడుగు కాస్త పైకెత్తి పట్టుకోండి. పిల్లల్ని సముద్రంలోకి పంపేటప్పుడు లోతు కొలవడానికి పొడుగువాణ్ణి చూడకండి. బస్సులోనో రైల్లోనో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న పొడుగాయన ఎదురైతే ఎత్తెంతని అడగడం మానేసి, "ఈ చివర సీటు మీరు తీసుకోండి, కాళ్ళు చాపుకోవచ్చు" అనండి.